మీరేవిట్లండీ?

పోలవరం అనగానే ఎవరైనా "ప్రాజెక్టు పని ఎంతవరకూ వచ్చిందండీ?" అని అడుగుతారు. ఆ పోలవరం వేరు, మా పోలవరం వేరు. మాది ఐ.పోలవరం. ఆ 'ఐ' ఏవిటని అడిగితే "ఐలాండ్ అండీ, లంక" అని చెబుతాం. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో కొబ్బరితోటలూ, వరిచేలూ, రొయ్యల చెరువులూ, మేమూను.

మా కోనసీమలో మర్యాదకి లోటు లేదు. 'ఆయ్' అనకుండా మాట మొదలవదు, 'అండీ' అనకుండా ముగియదు. దారిన పోయే కొత్త మనిషిని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి బొండం కొట్టి ఇస్తారు. ఆయన ఆ నీళ్ళు తాగి మూతి తుడుచుకునే లోపల ఎంతో వినయంగా ఓ ప్రశ్న వేస్తారు.

"ఇంతకీ తమరేవిట్లండీ?"

ఈ మాట ఏ వ్యాకరణానికి లొంగుతుందో నాకు తెలీదు. 'ఎవరు' కాదు, 'ఏమిటి' కాదు, రెండూ కలిపి పిసికిన ముద్ద. అర్థం మాత్రం పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కాస్త చదువుకున్నవాళ్ళు ఇంత సూటిగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు. దానితో తేలకపోతే వూళ్ళో ఏ పేట అంటారు. రాములవారి గుడికి ఇటా, అటా అంటారు. ఈ విద్యలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. పెళ్ళిపందిట్లో పక్కన కూర్చున్నావిడని 'చీర ఎక్కడ కొన్నారు' దగ్గర మొదలుపెట్టి, మూడో ప్రశ్నకల్లా కావలసిన జవాబు రాబట్టేస్తాం.

వూసుపోక అడిగితే పోనీ అనుకోవచ్చు. కాని ఆ జవాబుని బట్టి ఒక గ్లాసు మారిపోతుంది. ఒక సంబంధం తప్పిపోతుంది. ఒక్కోసారి ఒక ఇల్లు దొరక్కుండా పోతుంది.

మా పిన్ని ఇంటి వెనక రెండు గదుల పోర్షను వుంది. మూడు నెలలుగా ఖాళీ. పక్కవూరి బళ్ళో కొత్తగా వుద్యోగం వచ్చిన ఒకమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చింది. వంటగది నచ్చింది, కుళాయి నచ్చింది, పెరట్లో కరివేపచెట్టు మరీ నచ్చింది. అడ్వాన్సు ఇవ్వడానికి బ్యాగు తెరిచింది. అప్పుడు మా పిన్ని ఆ ప్రశ్న వేసింది. ఆ పిల్ల తడుముకోకుండా వున్నది వున్నట్టు చెప్పింది.

పిన్ని ముఖంలో రంగు మారలేదు. మర్యాద మా సొత్తు కదా! "అయ్యో, ఇందాకే మా బావగారు ఫోను చేశారమ్మా, ఎవరికో మాట ఇచ్చేశారట. కాస్త మజ్జిగ పుచ్చుకు వెళ్ళండి" అంది. ఆ తండ్రి మజ్జిగ వద్దన్నాడు.

ఇదంతా నాకు చెప్పింది పిన్ని కాదు, పక్కింటి అత్తయ్యగారు. గోడకి అవతల వడియాలు పెడుతూ ఆవిడ అక్షరం పొల్లుపోకుండా విన్నది. "పాపం, పిల్ల లక్షణంగా వుందే అమ్మాయ్! మనకెందుకులే అని వూరుకున్నాను" అంది.

నేను పిన్నిని అడిగితే ఆవిడకి కోపం వచ్చింది. "అదేవిటే, నా ఇల్లు నా ఇష్టం కాదుటే? నా పెరట్లో ఎవరుండాలో చెప్పడానికి సర్కారెవరు?" అంది.

ఇది కొట్టిపారెయ్యదగ్గ ప్రశ్న కాదు. మనలో చాలామంది మనసులో వున్నదే ఆవిడ పైకి అంది. అంచేత జవాబు వెతకడం నా విధి అనుకున్నాను.

అంటరానితనం రద్దయిందని మన రాజ్యాంగం 17వ అధికరణంలో చెప్పింది. దాన్ని అమలుపరచడానికి 1955లో ఒక చట్టం చేశారు. మొదట్లో దాని పేరు అస్పృశ్యతా నేరాల చట్టం. 1976లో దాన్ని గట్టిపరిచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అందులో నాలుగో సెక్షను ఒకసారి చదివి చూడండి. పార్లమెంటులో కూర్చుని రాసినవాళ్ళు ఎక్కువమంది మగవాళ్ళే అయినా, ఎవరో ఇల్లాలు పక్కన కూర్చుని చెప్పి రాయించిందా అనిపిస్తుంది. హోటల్లో వాడే గిన్నెలూ గ్లాసులూ, నుయ్యీ, చెరువూ, కుళాయీ, స్నానాల రేవూ, బస్సూ, సత్రమూ, వూరేగింపూ, ఆఖరికి నగలూ అలంకారాలూ! వీటిలో దేన్నయినా అంటరానితనం పేరు చెప్పి ఒక మనిషికి అందకుండా చేస్తే నేరం.

నగల సంగతి చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. జరగని తప్పుకి ఎవరూ చట్టంలో వాక్యం రాయరు. ఎక్కడో, ఎవరో ఒక పిల్ల మెళ్ళో గొలుసు వేసుకుంటే, చెవులకి లోలాకులు పెట్టుకుంటే సహించలేకపోయారన్నమాట.

ఆ జాబితాలోనే ఇల్లు కూడా వుంది. ఏ పేటలోనైనా సరే, ఇల్లు కట్టుకోవడానికీ, సంపాదించుకోవడానికీ, కాపరం వుండడానికీ అడ్డు చెప్పకూడదని వుంది. మా పిన్ని పోర్షను విషయం కోర్టుదాకా వెళితే ఏమంటారో ప్లీడర్లు చెప్పాలిగాని, చట్టం రాసినవాళ్ళు ఇంటిని మరిచిపోలేదు. ఇంకో చమత్కారం కూడా వుంది. అలాంటి పని షెడ్యూల్డు కులాల మనిషి పట్ల జరిగిందని తేలితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది చేసినవాళ్ళు. అంటే బావగారి ఫోను సంగతి పిన్నే నిరూపించుకోవాలి! ఈ మాట చెబితే పిన్ని ఆ పూట నాతో మాట్లాడలేదు.

తరవాత ఓ రోజు అమలాపురం నుంచి వస్తుంటే బస్సులో ఆ టీచరమ్మ పక్కనే సీటు దొరికింది. ఆ పిల్ల అమలాపురంలోనే గది తీసుకుని రోజూ బస్సు మీద వస్తోంది. మాటల్లో ఇంటి సంగతి వచ్చింది. "మూడిళ్ళు చూశానండీ. మూడింటికీ అప్పుడే ఎవరో మాట ఇచ్చేశారు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగులేదు. ఫిర్యాదు చెయ్యలేకపోయావా అన్నాను.

"ఎవరి మీదని రాయనండీ? వుద్యోగం కొత్త. పిల్లలకి పాఠాలు చెప్పుకోవాలా, కాగితాలు పట్టుకు తిరగాలా? అయినా నన్ను ఇల్లు లేదన్నారని ఎవరొచ్చి చెబుతారు?"

మొదటి రెండు ప్రశ్నలకీ నా దగ్గర ఏదో జవాబు వుంది. ఎందుకంటే వినడానికంటూ ప్రభుత్వం కొన్ని చోట్లు ఏర్పాటు చేసింది. రాజ్యాంగం వచ్చిన 1950లోనే షెడ్యూల్డు కులాల, తెగల రక్షణ చూడ్డానికి ఢిల్లీలో ఒక ప్రత్యేకాధికారిని నియమించారు. ఇంత దేశానికి ఒక్క మనిషి! 1978లో పలువురు సభ్యుల కమిషన్ వచ్చింది. 1990లో రాజ్యాంగ సవరణ చేసి దానికి రాజ్యాంగం అండ ఇచ్చారు. 2004లో కులాలకీ తెగలకీ వేరువేరు జాతీయ కమిషన్లయ్యాయి. మన రాష్ట్రంలో అంటరానితనం ఎంతవరకూ మిగిలివుందో తేల్చడానికి జస్టిస్ పున్నయ్యగారి ఏకసభ్య కమిషన్ వూరూరూ తిరిగింది. ఆ తరవాతే, 2003లో, రాష్ట్ర కమిషన్‌కి చట్టం వచ్చింది.

ఈ కమిషన్‌కి సివిలు కోర్టుకుండే కొన్ని అధికారాలున్నాయి. ఎంతటి అధికారినైనా సమను పంపి పిలిపించవచ్చు. దస్త్రాలు తెమ్మనవచ్చు. ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవచ్చు. అన్నీ విన్న తరవాత మాత్రం సిఫార్సు చెయ్యాలే తప్ప తానుగా శిక్ష వెయ్యలేదు. ఇంట్లో పెద్ద ముత్తయిదువ వంటిదనుకోండి. చీవాట్లు పెట్టగలదు, అందర్నీ కూర్చోబెట్టి అడగగలదు, బీరువా తాళాలు మాత్రం ఆవిడ దగ్గర వుండవు. అయినా ఆవిడ అడుగుతుందన్న భయానికి ఇంట్లో కొన్ని పనులు జరుగుతాయి, కొన్ని ఆగుతాయి.

తాళాలు వేరేచోట వున్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపిన తరవాత రాష్ట్రం అట్టుడికిపోయింది. మా కోనసీమలోనే కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకంగారు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ వుద్యోగం వదిలేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. అటువంటి ఘోరాల తరవాతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కేసయితే డి.ఎస్.పి. హోదాకి తగ్గనివాళ్ళు దర్యాప్తు చెయ్యాలి. నోటితో చెప్పిన ఫిర్యాదుని పోలీసులు కాగితం మీద పెట్టి, చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఆ తరవాతే సంతకం పెట్టించుకోవాలి. నకలు వూరికే ఇవ్వాలి. సంతకం చెయ్యడం మాత్రమే వచ్చిన ముసలమ్మకి ఈ 'చదివి వినిపించడం' ఎంత రక్షణో ఆలోచించండి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చుని ఇలాంటి కేసులు ఎంతవరకూ వచ్చాయో చూడాలి. ఇవి కాక ప్రతి నెలా 30వ తారీకున ఏదో ఒక వూళ్ళో పౌరహక్కుల దినం జరపాలని ప్రభుత్వపు ఆదేశం. తాసిల్దారూ, పోలీసులూ ఆ వూరికి వచ్చి, గుళ్ళోకి రానిస్తున్నారా, టీకొట్లో గ్లాసులు వేరుగా పెడుతున్నారా అని అడగాలి. ఫిబ్రవరికి ఆ తారీకే లేదు కదా అని మెలిక పెట్టకండి. మిగతా 11 నెలల్లో సవ్యంగా జరిగితే అదే పదివేలు.

మా మండలంలోని ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగిగారు 1998లో లోక్‌సభకి స్పీకరయ్యారు. ఆ పీఠమెక్కిన మొదటి దళితుడాయన. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఎదుర్లంకకీ యానాంకీ మధ్య గౌతమి మీదున్న వంతెనకి ఆయన పేరే పెట్టారు. గమ్మత్తేవిటంటే వంతెన అవతల యానాం, అంటే పుదుచ్చేరి. మన రాష్ట్ర కమిషన్ హద్దు ఇవతలి ఒడ్డుతో సరి. జాతీయ కమిషనూ, కేంద్రపు చట్టాలూ మాత్రం రెండు ఒడ్లకీ చెల్లుతాయి. మీరేవిట్లన్న ప్రశ్నకి ఏ ఒడ్డూ అడ్డం కాదు గనక చట్టానికీ వుండకూడదు మరి! ఆ వంతెన మీద అందరి బళ్ళూ వెళతాయి. అయినా జిల్లా పేరులో అంబేద్కర్‌గారి పేరు చేరుస్తామనేసరికి 2022 మే 24న అమలాపురంలో మంత్రిగారి ఇల్లూ, మా ముమ్మిడివరం శాసనసభ్యుడి ఇల్లూ తగలబెట్టారు. ఆ ఆగస్టులో పేరు ఖాయమైంది. పేరు మార్చినంత సులువుగా మనసు మారదని ఆ పొగలో అందరికీ తెలిసింది.

ఇంక ఆ పిల్ల అడిగిన మూడో ప్రశ్న మిగిలింది. ఎవరొచ్చి చెబుతారు? దీనికి జవాబు నాకు అనుకోకుండా మా పిన్ని నోటి నుంచే దొరికింది.

పిన్ని కొడుకు ఇంగ్లండులో డాక్టరు. అక్కడికి వెళ్ళిన కొత్తలో అతను అద్దె ఇంటికి ఫోను చేస్తే రమ్మన్నారు. తీరా మనిషిని చూసి, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు. అతనితో పనిచేసే ఒక తెల్ల నర్సుకి అనుమానం వచ్చి సాయంత్రం తాను ఫోను చేసింది. ఇల్లు ఖాళీగానే వుంది, రేపే రావచ్చన్నారు. ఆ నర్సు ఆ సంగతి తారీకుతో సహా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఆ కాగితం చూపించేసరికి ఇల్లుగలాయన దిగివచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. ఈ కథ పిన్ని చెప్పినప్పుడల్లా గొంతు వణుకుతుంది. "ఒంటి రంగు చూసి ఇల్లు లేదంటారుటే, ఎంత పాపం! ఆ నర్సు మాత్రం మహాతల్లి!" అంటుంది.

ఇంగ్లండులో ఆ ఏర్పాటు కూడా ఒక్కరోజులో రాలేదు. 1965లో మొదటి జాతిసంబంధాల చట్టం చేసి, మర్నాటి సంవత్సరం దానికొక బోర్డు పెట్టారు. ఆ చట్టం హోటళ్ళకీ, సినిమాహాళ్ళకీ, బస్సులకీ వర్తించిందే గాని ఇళ్ళ జోలికీ వుద్యోగాల జోలికీ వెళ్ళలేదు. అక్కడా పిన్నులున్నారు మరి! 1968లో గాని చట్టం ఇంటి గడప తొక్కలేదు. 1976 చట్టంతో జాతిసమానత్వ కమిషన్ వచ్చింది. 2007లో దాన్ని సమానత్వ, మానవహక్కుల కమిషన్‌లో కలిపారు.

ఆ పాత కమిషన్ చేసిన ఒక విచారణ మన డాక్టరు పిల్లల తల్లులంతా తెలుసుకోదగ్గది. లండన్‌లో సెయింట్ జార్జెస్ అనే వైద్య కళాశాల సీట్లకి వచ్చిన దరఖాస్తుల్ని మొదటి వడపోత కంప్యూటరు చేత చేయించేది. ఆడపిల్ల అయితే కాస్త వెనక్కి, పేరు తెల్లవాళ్ళ పేరులా లేకపోతే ఇంకా వెనక్కి నెట్టేలా ఆ కంప్యూటరుకి నేర్పారు. ఏడాదికి అరవైమంది దాకా ఇంటర్వ్యూ పిలుపే రాకుండా పోయి వుండవచ్చని తేలింది. యంత్రానికి కులమూ రంగూ ఏం తెలుసు? మనం నేర్పిందే తెలుసు. ఆ రహస్యం ఎలా బయటపడింది? ఆ కాలేజీలోనే పనిచేసే ఇద్దరు డాక్టర్లు 1986లో కమిషన్‌కి చెప్పారు. 1988లో కమిషన్ తప్పు తేల్చింది. సీటు రాని పిల్లలకి తమకెందుకు రాలేదో తెలియనే తెలియదు. లోపలివాళ్ళు చెప్పారు గనక తెలిసింది.

కులమూ జాతీ ఒకటి కావని 2001లో డర్బన్‌లో జరిగిన ప్రపంచ సభలో మన ప్రభుత్వం వాదించింది. వివక్షలో పుట్టుక కూడా లెక్కకి వస్తుందనీ, అందులో కులమూ చేరుతుందనీ మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి కమిటీ అంది. పండితులు తేల్చుకోనివ్వండి. ఈలోగా మన ప్రశ్న వీసా లేకుండానే సముద్రాలు దాటింది. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కులాన్ని బట్టి వివక్ష చూపకూడదని శాసనం చేసింది. ఇళ్ళూ వుద్యోగాలూ అన్నీ అందులో వున్నాయి. ఫిర్యాదు వినడానికి నగరపు పౌరహక్కుల కార్యాలయం వుంది. అంత దూరాన అలాంటి శాసనం అవసరమైందంటే మనవాళ్ళు ఆవకాయ జాడీతో పాటు ఇంకా ఏం తీసుకువెళ్ళారో తెలుస్తూనే వుంది.

ఇవన్నీ చెప్పి పిన్నిని ఒక్కటే అడిగాను. "ఆ నర్సు మహాతల్లి అన్నావు కదా పిన్నీ, మన వీధిలో ఆ నర్సు ఎవరు?"

పిన్ని మాట్లాడలేదు. గోడకి అవతల గరిటె చప్పుడు మాత్రం ఆగింది.

కమిషన్‌కి చెవులున్నాయిగాని కళ్ళు లేవు. కళ్ళు మనవి. పగలంతా వీధి అరుగు మీదా, పెరటి గోడ దగ్గరా, కుళాయి దగ్గరా వుండేవాళ్ళం మనం. ఎవరింట్లో గ్లాసు వేరుగా బోర్లించి వుందో, బళ్ళో ఏ పిల్లని విడిగా కూర్చోబెట్టారో, ఎవరికి ఇల్లు లేదన్నారో మొదట తెలిసేది మనకే. ఫిర్యాదు రాసే పిల్లకి వుద్యోగం పోతుందన్న భయం వుంటుంది, వూళ్ళో నలుగురూ వెలివేస్తారన్న భయం వుంటుంది. చూసిన మనిషి వచ్చి 'అవును, నేను విన్నాను' అంటే ఆ భయం సగమవుతుంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సాక్షుల హక్కులకంటూ ప్రత్యేకంగా ఒక అధ్యాయమే చేర్చారు. వాళ్ళకి రక్షణ ఇవ్వాలి, విచారణకి వెళితే దారిఖర్చులూ భోజనం ఖర్చులూ ఇవ్వాలి. సాక్షికి అన్నం కూడా చట్టం చూసుకుంటుంది. చూడలేనిదల్లా 'మనకెందుకులే' అన్న మాటని.

మీ వూళ్ళో 30వ తారీకు సభ ఎప్పుడు జరుగుతుందో, ఎక్కడ కూర్చుంటారో కనుక్కోండి. మీకు తెలిసిన మాట ఏదైనా వుంటే అక్కడ చెప్పండి. వడియాలు మర్నాడైనా పెట్టుకోవచ్చు.